45 డిగ్రీల స్వెప్ట్ మోడల్ మీద ట్రాన్సిషన్ కొలవడం: చిన్న టన్నెల్‌లో కుదురుతుందా?

#1 | కొత్తప్రయోగం

అందరికీ నమస్కారం. స్వెప్ట్ సర్ఫేస్ (గాలికి అడ్డంగా కాక వెనక్కి వాలిన తలం) మీద గాలి లామినార్ (నున్నటి పొరలుగా సాగే ప్రవాహం) నుంచి టర్బులెంట్‌గా (కల్లోలంగా) మారే చోటును, అంటే ట్రాన్సిషన్‌ను, కొలవాలి. ఉన్న సరంజామా ఇది: క్లోజ్డ్ సర్క్యూట్ (అదే గాలి చుట్టూ తిరిగి వచ్చే) లో-స్పీడ్ విండ్ టన్నెల్, టెస్ట్ సెక్షన్ 0.6 × 0.6 మీటర్లు, పొడవు 2 మీటర్లు, గరిష్ఠ వేగం 30 మీ/సె. మోడల్ అల్యూమినియంతో చేయించాలనుకుంటున్నాం. స్వీప్ 45 డిగ్రీలు, గాలి దిశలో కార్డ్ (ముందంచు నుంచి వెనకంచు దాకా పొడవు) 400 మి.మీ., లీడింగ్ ఎడ్జ్ (ముందంచు) వ్యాసార్థం 8 మి.మీ. ఒక సింగిల్ హాట్‌వైర్ (వేడి తీగ చల్లబడే తీరును బట్టి గాలి వేగం కొలిచేది), దాన్ని జరిపే మోటారు ట్రావర్స్ ఉన్నాయి. ఐఆర్ (వేడిని చూపే ఇన్‌ఫ్రారెడ్) కెమెరా అద్దెకు దొరుకుతుంది.

మోడల్ ఇంకా మిల్లింగ్‌కి ఇవ్వలేదు. ఏమైనా మార్చాలంటే ఇప్పుడే చెప్పండి.

#2 | వేణు_ఏరో

మిల్లింగ్‌కి ఇవ్వకపోవడం మంచిదైంది. ముందు రేనాల్డ్స్ సంఖ్య (వేగం × పొడవు ÷ విస్కాసిటీ) చూడండి. 30 మీ/సె, 0.4 మీటర్లు, కైనమాటిక్ విస్కాసిటీ 1.5 × 10⁻⁵ వేస్తే 8 లక్షలు వస్తుంది. నున్నటి మోడల్ మీద, మంచి టన్నెల్‌లో, ఈ సంఖ్య దగ్గర క్రాస్‌ఫ్లో వోర్టెక్సులు (వాలిన తలం మీద గాలి పక్కకు జారడం వల్ల పుట్టే సుడులు) పుడతాయి, కాస్త పెరుగుతాయి, అంతలో మోడల్ అయిపోతుంది. ట్రాన్సిషన్ కనబడదు. ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీలో సారిక్ బృందం ఇదే 45 డిగ్రీల స్వీప్‌తో చేసిన ప్రయోగాల్లో కార్డ్ 1.83 మీటర్లు, రేనాల్డ్స్ సంఖ్య సుమారు 24 లక్షలు.

వాళ్లు ఎంచుకున్న సెక్షన్ ఎన్ఎల్ఎఫ్(2)-0415, పెట్టిన కోణం మైనస్ 4 డిగ్రీలు. అలా పెడితే పీడనం కార్డ్‌లో దాదాపు 71 శాతం దాకా తగ్గుతూనే పోతుంది. పీడనం తగ్గుతున్నంతసేపూ టాల్‌మీన్-ష్లిక్టింగ్ అలలు (స్వీప్ లేకున్నా తలాన్ని ఆనుకున్న గాలి పొరలో లేచే అలలు) అణిగి ఉంటాయి, క్రాస్‌ఫ్లో మాత్రం పెరుగుతుంది. రెండూ ఒకేసారి పెరిగితే ఏది దేనివల్ల జరిగిందో విడదీయలేం. మీ సెక్షన్ ఎంపికలో మొదట చూడాల్సింది ఇదే.

నా సలహా: రెక్క మానేసి స్వెప్ట్ ప్లేట్ చేయండి. గోటింగెన్‌లో బిప్పెస్ బృందం పద్ధతి అది. చదునైన ప్లేటును ఏటవాలుగా పెట్టి, దాని ఎదురుగా ఒక ఉబ్బెత్తు బాడీని నిలబెడతారు. మధ్య ఇరుకులో గాలి వేగం పుంజుకుంటుంది, ప్లేటు మీద కావలసిన పీడన వాలు వస్తుంది. కొలిచే తలం చదునుగా ఉంటుంది కాబట్టి ట్రావర్స్ పని సగానికి సగం తేలిక. మీ సెక్షన్‌లో 45 డిగ్రీలకు స్పాన్ (మోడల్ అడ్డం పొడవు) వల్ల 0.6 మీటర్లు వెనక్కి జరుగుతుంది. 800 మి.మీ. కార్డ్ పెట్టినా మొత్తం 1.4 మీటర్లే. రేనాల్డ్స్ సంఖ్య 16 లక్షలకు చేరుతుంది.

#3 | కొత్తప్రయోగం

ప్లేటు ఆలోచన బాగుంది. ఒక సందేహం. ప్లేటు ఒక చివర టన్నెల్ నేలకు ఆనుకుని ఉంటుంది. నేల మీది టర్బులెంట్ బౌండరీ లేయర్ (తలాన్ని ఆనుకుని మందగించిన గాలి పొర) లీడింగ్ ఎడ్జ్ వెంబడి పాకి అంతా పాడు చేయదా?

#4 | గాలిమర

చేయొచ్చు. అందుకే ఈ లెక్క ముందు వేసుకోవాలి. దీన్ని అటాచ్‌మెంట్-లైన్ (ముందంచు మీద గాలి రెండుగా చీలే గీత) కంటామినేషన్ అంటారు. పోల్ అనే పరిశోధకుడు వాడిన ఆర్-బార్ సంఖ్యతో తేల్చుకోవచ్చు. గుండ్రటి లీడింగ్ ఎడ్జ్‌కి లెక్క ఇదీ: వేగాన్ని వ్యాసార్థంతో గుణించి, విస్కాసిటీతో భాగించండి. దాన్ని స్వీప్ కోణపు సైన్‌తో, టాంజెంట్‌తో గుణించి, రెండుతో భాగించి, వర్గమూలం తీయండి. వ్యాసార్థం లీడింగ్ ఎడ్జ్‌కి లంబంగా కోసిన సెక్షన్‌ది అయి ఉండాలి, గాలి దిశలో కోసినది కాదు. ఎక్కువ మంది తప్పేది ఇక్కడే.

మీ మొదటి మోడల్‌కి: 30 × 0.008 ÷ 0.000015 = 16,000. సైన్ 45 × టాన్ 45 = 0.707. గుణించి సగం చేస్తే 5,657. వర్గమూలం 75. హద్దు సుమారు 245. దానికి కింద ఉంటే నేల నుంచి వచ్చిన టర్బులెన్స్ లీడింగ్ ఎడ్జ్ వెంట పోతూ పోతూ చచ్చిపోతుంది. ప్లేటు అంచు ఇంకా సన్నం కాబట్టి మీకు ఈ భయం లేదు.

కానీ విమానానికి ఇదే పెద్ద గండం. 230 మీ/సె, 11 కిలోమీటర్ల ఎత్తు (విస్కాసిటీ సుమారు 3.9 × 10⁻⁵), వ్యాసార్థం 60 మి.మీ. అనుకుందాం. స్వీప్ 30 డిగ్రీలైతే సుమారు 226 వస్తుంది, గండం గడుస్తుంది. 35 డిగ్రీలైతే 267, ఫ్యూసలేజ్ నుంచి వచ్చిన టర్బులెన్స్ రెక్క పొడవునా పాకుతుంది. కంప్రెసిబిలిటీ సవరణ ఇందులో వేయలేదు, పోలిక కోసమే చూపించాను. 1960ల్లో నార్త్‌రాప్ ఎక్స్-21 ప్రయోగ విమానం మీద మొదట్లో లామినార్ ఫ్లో నిలవకపోవడానికి ఇదే కారణమని తర్వాత తేలింది. గాస్టర్ 1965లో చూపించిన ఉపాయం లీడింగ్ ఎడ్జ్ మీద చిన్న బంప్. వచ్చిన టర్బులెంట్ గాలి దాని ముందు ఆగిపోతుంది, బంప్ మీద కొత్త లామినార్ పొర మొదలవుతుంది.

అసలు కంటామినేషన్ ఏమీ లేకపోతే అటాచ్‌మెంట్-లైన్ దానంతటది అస్థిరం కావడానికి లీనియర్ థియరీ చెప్పే ఆర్-బార్ 583. అంటే 245కీ 583కీ మధ్య మనం ఎంత శుభ్రంగా ఉంచితే అంత.

#5 | హాట్‌వైర్_రావు

మోడల్ గురించి ఇంత మాట్లాడుకున్నారు, టన్నెల్ టర్బులెన్స్ ఎంతో ఎవరూ అడగలేదు. అది తెలియకుండా ట్రాన్సిషన్ అంకె రాయడం అనవసరం. కొత్తప్రయోగం గారూ, ఖాళీ సెక్షన్‌లో హాట్‌వైర్ పెట్టి కొలిచారా? కొలిస్తే ఏ ఫ్రీక్వెన్సీ బ్యాండ్‌లో?

#6 | కొత్తప్రయోగం

30 మీ/సె దగ్గర 0.12 శాతం. ఫిల్టర్ ఏమీ వేయలేదు. స్పెక్ట్రమ్‌లో 120 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక ముల్లు ఉంది. ఫ్యాన్‌కి 6 బ్లేడ్లు, 1,200 ఆర్‌పీఎం.

#7 | సాగరతీరం

మాక్ సూత్రంలో (టర్బులెన్స్‌ను బట్టి అల ఎంత పెరిగితే ట్రాన్సిషన్ వస్తుందో, అంటే ఎన్-ఫ్యాక్టర్, చెప్పేది) వేసి చూశాను. ఎన్ = −8.43 − 2.4 × సహజ లాగరిథమ్ (టర్బులెన్స్ నిష్పత్తి). 0.0012కి 7.7 వస్తుంది. ఆ ఎన్-ఫ్యాక్టర్‌తో స్టెబిలిటీ కోడ్ నడిపితే ట్రాన్సిషన్ ఎక్కడో ముందే తెలుస్తుంది కదా?

#8 | వేణు_ఏరో

సాగరతీరం గారూ, ఆ సూత్రం టాల్‌మీన్-ష్లిక్టింగ్ అలలకు సరిపెట్టినది. స్వీప్ లేని ప్లేటుకు వాడండి, పని చేస్తుంది. స్టేషనరీ (ఒకే చోట నిలిచి ఉండే) క్రాస్‌ఫ్లోకి వాడకూడదు. రెండు కారణాలు. ఒకటి, ఆ వోర్టెక్సుల బీజం గాలిలోని టర్బులెన్స్ కాదు, లీడింగ్ ఎడ్జ్ దగ్గరి గరుకుతనం. సూత్రంలో గరుకుతనానికి చోటే లేదు. రెండు, అవి పెరుగుతూ సగటు ప్రవాహాన్నే వంచేస్తాయి, ఒక దశలో పెరుగుదల ఆగి సాచురేట్ అవుతాయి. లీనియర్ కోడ్ మాత్రం పెంచుతూనే పోతుంది. సాచురేట్ అయ్యాక వంగిన ప్రొఫైల్ మీద వేల హెర్ట్జ్‌లో సెకండరీ ఇన్‌స్టెబిలిటీ లేచి, కార్డ్‌లో కొద్ది శాతంలోనే పొరను ఛిద్రం చేస్తుంది. ట్రాన్సిషన్‌ను తేల్చేది ఆ రెండో దెబ్బ.

#9 | హాట్‌వైర్_రావు

120 హెర్ట్జ్ మీ ఫ్యాన్‌దే. సెకనుకు 20 చుట్లు, 6 బ్లేడ్లు. అది ఎక్కువగా శబ్దం, గాలిలో తిరిగే సుడి కాదు. రెండు వైర్లను స్పాన్ దిశలో దూరం జరుపుతూ కోరిలేషన్ చూడండి. సుడులకు పొంతన త్వరగా పోతుంది, శబ్దానికి పోదు. క్రాస్‌ఫ్లోకి శబ్దం పెద్దగా పట్టదు. టాల్‌మీన్-ష్లిక్టింగ్‌కి మాత్రం బాగా పడుతుంది.

కొలతకు 2 హెర్ట్జ్ హై-పాస్ వేయండి. వేగం మెల్లగా ఊగడం అంతా అందులో పోతుంది. అంకె అందంగా కనబడాలని 50 హెర్ట్జ్ దగ్గర కోయకండి. 30 మీ/సెను 0.6 మీటర్లతో భాగిస్తే 50, అంటే సెక్షన్ అంత పెద్ద సుడులన్నీ దానికి కిందే ఉంటాయి. అసలు దోషాన్నే తీసేసి లేదన్నట్టు అవుతుంది.

తగ్గించాలంటే స్క్రీన్లు (గాలిని సరిచేసే జల్లెడలు) చూడండి. ఓపెన్ ఏరియా 57 శాతానికి తగ్గితే రంధ్రాల నుంచి వచ్చే జెట్లు ఒకదానితో ఒకటి కలిసిపోయి స్పాన్ దిశలో చారలు తెస్తాయి. స్వెప్ట్ ప్రయోగంలో ఆ చారలు అచ్చం స్టేషనరీ క్రాస్‌ఫ్లోలా కనబడతాయి, అదే ప్రమాదం. దుమ్ము పట్టినా ఓపెన్ ఏరియా తగ్గుతుంది. బ్రష్ కాదు, వాక్యూమ్ క్లీనర్ వాడండి. హనీకోంబ్ గది పొడవు వెడల్పుకు 6 నుంచి 8 రెట్లు ఉండాలి.

బిప్పెస్ బృందం చెప్పింది కూడా గుర్తుంచుకోండి. టర్బులెన్స్ తక్కువున్న టన్నెల్‌లో స్టేషనరీ వోర్టెక్సులు గెలుస్తాయి. సుమారు 0.2 శాతం దాటితే కదిలే అలలు ముందుకొస్తాయి. విమానం ఎగిరే గాలి ప్రశాంతం, అక్కడ స్టేషనరీవే పెత్తనం. గోల టన్నెల్‌లో కొలిచి రెక్కకు అన్వయిస్తే వేరే జబ్బుకు మందిచ్చినట్టే. మీ 0.12 అంచున ఉంది. 0.05 దగ్గరకు తేవడానికి ప్రయత్నించండి.

#10 | మోడల్‌షాప్

ఇక గరుకుతనం. లీడింగ్ ఎడ్జ్ నుంచి కార్డ్‌లో మొదటి 10 శాతం మీద మీ శ్రమలో 90 శాతం పెట్టండి. క్రాస్‌ఫ్లో పెరగడం మొదలయ్యేది 2 శాతం అటూఇటూ. అక్కడ మైక్రాన్లు కూడా లెక్కే. రాడెట్స్కీ, రైబర్ట్, సారిక్ ప్రయోగాల్లో తలాన్ని 0.25 మైక్రాన్ ఆర్ఎంఎస్ (ఎగుడుదిగుడుల ఒక రకం సగటు) దాకా పాలిష్ చేస్తే ట్రాన్సిషన్ చాలా వెనక్కి పోయింది.

పాలిష్ క్రమం: 400 నంబర్ నీటి కాగితం, 800, 1,200, 2,000, ఆపైన మెటల్ పాలిష్. ప్రతి దశలో గీత దిశ మార్చండి, లేకపోతే పాత గీతలు పోయాయో లేదో తెలియదు. ఆఖరి రుద్దుడు గాలి దిశలో ఉండాలి. ప్రొఫైలోమీటర్‌తో స్పాన్‌లో కనీసం 5 చోట్ల కొలిచి రాసుకోండి. ఆ అంకె లేని రిపోర్టును ఇంకెవరూ తిరిగి చేసి చూడలేరు.

ప్రెషర్ ట్యాప్‌లు (పీడనం కొలిచే రంధ్రాలు) 0.5 మి.మీ. మించకూడదు. హాట్‌వైర్ తిరిగే ప్రాంతంలో అసలు వేయకండి. స్పాన్‌కి రెండు చివర్లా ఒక్కో వరుస వేస్తే చాలు. రెండు వరుసల పీడనాలు కలిస్తే ప్రవాహం స్పాన్ పొడవునా ఒకేలా ఉన్నట్టు. కలవకపోతే గోడలకు లైనర్లు కావాలి. అనంతమైన స్వెప్ట్ రెక్క చుట్టూ స్ట్రీమ్‌లైన్ ఎలా వంగుతుందో ఆ వంపుతో ఫోమ్ కోసి పక్క గోడలకు అతికించాలి. చదును గోడ స్ట్రీమ్‌లైన్‌ను వంగనివ్వదు.

ఇంకొకటి. ప్లేటు లీడింగ్ ఎడ్జ్‌లో స్టాగ్నేషన్ లైన్ (గాలి రెండుగా చీలే గీత) కొలిచే వైపే పడాలి. అవతలి వైపు పడితే గాలి అంచు చుట్టూ తిరిగి విడిపోతుంది, చిన్న బుడగ ఏర్పడి అక్కడే టర్బులెంట్ అవుతుంది. వెనక ఒక ఫ్లాప్ పెట్టి కోణం సరిచేసుకోండి.

#11 | కొత్తప్రయోగం

ముందు ఒక చూపు చూడటానికి నాఫ్తలీన్ మేలా, ఐఆర్ మేలా? కలరా ఉండలు పొడి చేస్తే సరిపోతుందా?

#12 | గాలిమర

కలరా ఉండలు వద్దు. బజారులో దొరికేవాటిలో చాలావాటిలో నాఫ్తలీన్ బదులు పారాడైక్లోరోబెంజీన్ ఉంటుంది, దాని ఆవిరి వేగం వేరు. ల్యాబ్ గ్రేడ్ నాఫ్తలీన్ పొలుసులు తెప్పించి అసిటోన్‌లో కరిగించి, నల్లటి తలం మీద పలచగా స్ప్రే చేయండి. టర్బులెంట్ చోట తెల్లపూత ముందుగా ఎగిరిపోతుంది. స్టేషనరీ వోర్టెక్సులుంటే దాదాపు గాలి దిశలో సన్నటి చారలు, వాటి చివర రంపపు పళ్లలాంటి అంచు. అంచు పళ్లు లేకుండా నున్నగా మసకబారితే కదిలే అలలను అనుమానించండి.

లీడింగ్ ఎడ్జ్ నుంచి 15 శాతం దాకా పూత పడకుండా కాగితం అడ్డం పెట్టండి. స్ఫటికాలు అక్కడ పడితే అవే గరుకుతనం, అవే ట్రాన్సిషన్.

మీది క్లోజ్డ్ సర్క్యూట్ కాబట్టి ఇంకో ఇబ్బంది: ఆవిరి స్క్రీన్ల మీద, హాట్‌వైర్ మీద పేరుకుంటుంది. నాఫ్తలీన్ పరుగులు చేసే రోజు వైర్ తీసేయండి. అసిటోన్ స్ప్రే టైములో టన్నెల్ మోటారు, హీటర్ ఆపాలి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లు ఆ గదిలో ఉండకూడదు, నాఫ్తలీన్ వల్ల వాళ్ల ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి.

#13 | సాగరతీరం

ఐఆర్ అయితే శుభ్రం. కానీ అల్యూమినియం మీద నేరుగా పెడితే ఏమీ కనబడదు. మెరిసే లోహం తన వేడిని చూపదు, అద్దంలా గది వేడిని తిప్పి కొడుతుంది. పైగా వేడిని పక్కకు పాకించి గీతను చెరిపేస్తుంది. మ్యాట్ నల్ల వినైల్ ఫిల్మ్ చుట్టండి. లీడింగ్ ఎడ్జ్ చుట్టూ తిప్పి, అతుకు అవతలి వైపు వచ్చేలా. కొలిచే వైపు ఫిల్మ్ మొదలైతే ఆ 0.1 మి.మీ. మెట్టే ప్రయోగాన్ని పాడుచేస్తుంది.

30 మీ/సె దగ్గర గాలి రాపిడి వేడి అర డిగ్రీ కూడా ఉండదు. లామినార్, టర్బులెంట్ మధ్య తేడా అందులో 0.02 డిగ్రీ. కెమెరాకు అందదు. మోడల్‌ను గాలి కంటే 5 డిగ్రీలు వేడి చేసి టన్నెల్ నడపండి, టర్బులెంట్ భాగం ముందు చల్లబడుతుంది. ఎక్కువ వేడి చేయొద్దు, వేడి గోడ టాల్‌మీన్-ష్లిక్టింగ్ అలలను రెచ్చగొడుతుంది. కిటికీకి గాజు, అక్రిలిక్ పనికిరావు, 8-14 మైక్రాన్ల కిరణాలను అవి ఆపేస్తాయి. జెర్మేనియం ఖరీదు. పలచటి పాలిథీన్ షీట్ బిగుతుగా లాగి కట్టినా చిన్న టన్నెల్‌కి నడుస్తుంది.

#14 | హాట్‌వైర్_రావు

చారలు చూశాక వాటిని నమ్మే ముందు రెండు పరీక్షలు.

లీడింగ్ ఎడ్జ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ నడపండి. చారల చోటు మారితే అవి గరుకుతనం, దుమ్ము వల్ల వచ్చినవి. మారకపోతే ప్లేటును స్పాన్ దిశలో 5 మి.మీ. జరపండి. చారలు ప్లేటుతో పాటు జరిగితే మోడల్‌వి. టన్నెల్‌కే అంటిపెట్టుకుని ఉంటే స్క్రీన్లవి, అప్పుడు ప్రయోగం ఆపి స్క్రీన్లు కడగాలి.

హాట్‌వైర్ మ్యాప్ సంగతి. 5 మైక్రాన్ల టంగ్‌స్టన్ వైర్, ఓవర్‌హీట్ నిష్పత్తి 1.8. x = 300 మి.మీ. దగ్గర బౌండరీ లేయర్ సుమారు 2 మి.మీ. ఉంటుంది. వోర్టెక్సుల మధ్య దూరం దానికి దాదాపు నాలుగు రెట్లు, అంటే 8 మి.మీ. అనుకోండి. స్పాన్‌లో 1 మి.మీ. అడుగులతో 80 మి.మీ., ఎత్తులో 30 పాయింట్లు. 2,400 పాయింట్లు, ఒక్కోదానికి 3 సెకన్లు, మొత్తం 2 గంటలు. ఆ రెండు గంటల్లో టన్నెల్ గాలి వేడెక్కుతుంది. ఒక డిగ్రీ తేడాకు వేగంలో దాదాపు 2 శాతం తప్పు వస్తుంది. మీరు వెతుకుతున్న తొలి దశ వోర్టెక్సు ఎత్తు కూడా అంతే. కాబట్టి ప్రతి పాయింటుకీ ఉష్ణోగ్రత రికార్డు చేసి, ఓల్టేజి వర్గాన్ని (వైర్ వేడి − రిఫరెన్స్ వేడి) ÷ (వైర్ వేడి − అప్పటి గాలి వేడి)తో గుణించండి.

గోడను వైర్‌తో తాకి చూడొద్దు. ప్రొఫైల్ కింది భాగాన్ని సున్నా వేగం దాకా పొడిగించి గోడ చోటు తీయండి. గోడకు 0.2 మి.మీ. లోపు పాయింట్లు వదిలేయండి, లోహం వేడి లాగేసి వేగం ఎక్కువ చూపిస్తుంది. తర్వాత ప్రతి ఎత్తులో స్పాన్ సగటును తీసేసి, మిగిలినదాని ఆర్ఎంఎస్ గీయండి. ఒకే గూను ఉంటే ఇంకా లీనియర్‌కు దగ్గర. పైన రెండో గూను లేస్తే సాచురేషన్ వచ్చేసింది.

#15 | కొత్తప్రయోగం

ఇంటర్‌మిటెన్సీ (ఒక చోట ప్రవాహం ఎంత వంతు కాలం టర్బులెంట్‌గా ఉందో చెప్పే నిష్పత్తి) కూడా తీయాలనుంది. ధవన్-నరసింహ సూత్రం ఇక్కడ నడుస్తుందా?

#16 | వేణు_ఏరో

శ్రీహరికోట కేంద్రానికి పేరున్న ఆ సతీశ్ ధవన్, రొద్దం నరసింహ కలిసి బెంగుళూరు ఐఐఎస్సీ నుంచి 1958లో ఇచ్చిన సూత్రం అది. గామా (ఇంటర్‌మిటెన్సీ) = 1 − ఎక్స్‌పొనెన్షియల్ (−0.412 × గ్జై వర్గం). గ్జై అంటే ట్రాన్సిషన్ మొదలైన చోటు నుంచి దూరాన్ని, గామా 0.25 నుంచి 0.75కి చేరే పొడవుతో భాగించినది. ఉదాహరణకు 500 మి.మీ. దగ్గర 0.25, 540 దగ్గర 0.75 వస్తే పొడవు 40. 0.25కి గ్జై 0.836 కాబట్టి మొదలు 500 − 33 = 467 మి.మీ. మొదలును కంటితో గుర్తించడం కంటే ఇలా వెనక్కి లెక్కించడం ఎంతో నమ్మకం.

మీ దగ్గర చిక్కేమిటంటే, ఆ సూత్రం స్పాన్ మొత్తం మీద టర్బులెంట్ స్పాట్లు సమానంగా పుడతాయనుకుంటుంది. స్టేషనరీ వోర్టెక్సుల్లో ఒక్కో పన్ను ఒక్కో చోట విరుగుతుంది. పళ్లన్నీ కలిపి సగటు తీస్తే పొడవు ఎక్కువగా వస్తుంది, అది భౌతికంగా ఏదీ కాదు. ఒక్కో వోర్టెక్సుకు విడిగా కొలవండి.

#17 | మోడల్‌షాప్

పళ్లను క్రమంలో పెట్టడానికి మార్గం ఉంది. సహజ గరుకుతనం మీద ఆధారపడకుండా మనమే చుక్కలు పెట్టడం. లీడింగ్ ఎడ్జ్ దగ్గర, 2 శాతం చోట, రుద్ది అతికించే డ్రై-ట్రాన్స్‌ఫర్ చుక్కలు, ఎత్తు 6 మైక్రాన్లు. ఆరిజోనాలో వాడినవి 3.7 మి.మీ. వ్యాసం, 12 మి.మీ. అంతరం. ఆ రెక్క మీద అన్నిటికంటే బలంగా పెరిగే అంతరం అదే కాబట్టి వోర్టెక్సులన్నీ ఒకే ఎత్తుగా లేచాయి.

వాళ్లకు దొరికిన విలువైన ఫలితం దాని పక్కనే ఉంది. చుక్కలు 36 మి.మీ. అంతరంలో పెడితే 36, 18, 12, 9 అలలు లేస్తాయి. పెట్టిన అంతరం కంటే పొడవైనది మాత్రం ఎప్పుడూ లేవదు. దాంతో 1998లో 8 మి.మీ. అంతరం ప్రయత్నించారు. ఆ పొట్టి అల ముందుగా పెరిగి ప్రొఫైల్‌ను మార్చింది, 12 మి.మీ. అలకు మేత దొరకలేదు, తర్వాత అదీ తగ్గిపోయింది. ట్రాన్సిషన్ చుక్కల్లేని నున్నటి తలం కంటే వెనక్కి జరిగింది. గరుకుతనం పెట్టి లామినార్‌ను పొడిగించడం! ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫలితం ఇదే. మీ ప్లేటు మీద బలమైన అల 8 అని తేలితే 5 మి.మీ. అంతరం ప్రయత్నించి చూడండి.

#18 | సాగరతీరం

ప్లేటు తయారయ్యేలోపు చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు, తిరిగే డిస్క్ చేయండి. అది క్రాస్‌ఫ్లోకి తోబుట్టువు. గ్రెగరీ, స్టువర్ట్, వాకర్ 1955లో రెండిటినీ కలిపే చూశారు. వ్యాసార్థాన్ని (కోణీయ వేగం ÷ విస్కాసిటీ) వర్గమూలంతో గుణిస్తే వచ్చే సంఖ్య సుమారు 510 దాటగానే ట్రాన్సిషన్. 1,500 ఆర్‌పీఎం దగ్గర అది 158 మి.మీ. వ్యాసార్థంలో పడుతుంది. 200 మి.మీ. వ్యాసార్థపు డిస్క్ చాలు, టన్నెల్ అక్కర్లేదు. సుమారు 30 సర్పిలాకార వోర్టెక్సులు లెక్కపెట్టవచ్చు. డిస్క్ అంచు ఊగుడు డయల్ గేజ్‌తో చూసి సరిచేయండి, లేకపోతే చుట్టుకో ముల్లు స్పెక్ట్రమ్ నిండా వస్తుంది. హాట్‌వైర్ పద్ధతులన్నీ దాని మీదే చేయి తిరిగేలా సాధన చేసుకోవచ్చు.

#19 | కొత్తప్రయోగం

అందరికీ కృతజ్ఞతలు. మార్చిన ప్లాన్: ప్లేటు కార్డ్ 800 మి.మీ., ఎదుట ఫోమ్ బాడీ, వెనక ఫ్లాప్, చివర్లలో రెండు ట్యాప్ వరుసలు. ముందు స్క్రీన్లు శుభ్రం చేసి 2 హెర్ట్జ్ హై-పాస్‌తో టర్బులెన్స్ మళ్లీ కొలుస్తాం. తర్వాత ఐఆర్, ఆ తర్వాత మ్యాప్, చివరికి చుక్కలు. నాఫ్తలీన్ మానేస్తున్నాం.

#20 | హాట్‌వైర్_రావు

వరుస బాగుంది, ఒక్కటి మార్చండి. వినైల్ ఫిల్మ్ కింద మీ పాలిష్ అంతా దాక్కుంటుంది. ఐఆర్‌లో మీరు కొలిచేది ఫిల్మ్ గరుకుతనానికి వచ్చిన ట్రాన్సిషన్. ప్రొఫైలోమీటర్‌ను ఫిల్మ్ మీద కూడా పెట్టండి, లేదా హాట్‌వైర్ మ్యాప్ కూడా ఫిల్మ్ ఉండగానే తీయండి. ఒకటి ఫిల్మ్ మీద, ఇంకొకటి లోహం మీద తీసి పోల్చొద్దు.

#21 | కొత్తప్రయోగం

సరేనండీ. మ్యాప్ కూడా ఫిల్మ్ మీదే తీస్తాం.